ఎస్‌ఆర్‌ఓ ఎలక్ట్రోడ్‌తో ఆరేళ్లు

ఆరేళ్లుగా లేజర్ డిపాజిషన్ ఛాంబర్‌తోనే నా కాపురం. లేజర్‌తో పదార్థాన్ని ఆవిరి చేసి పలుచటి పొరగా (ఫిల్మ్) పెంచే యంత్రం అది. పైన వేసేది ఎక్కువగా పీజెడ్‌టీ (లెడ్ జిర్కోనేట్ టైటనేట్), బిస్మత్ ఫెర్రైట్. రెండూ ఫెర్రోఎలక్ట్రిక్‌లు, అంటే వోల్టేజీతో ధ్రువణ దిశ తిరగబడే పదార్థాలు. కింద ఎలక్ట్రోడ్‌గా వేరే మూడింటిని వాడి చూశాను. చివరికి స్ట్రాన్షియం రుథినేట్, అదే ల్యాబ్‌లో మనం ఎస్‌ఆర్‌ఓ అనేది, దాని దగ్గరే ఆగాను.

ప్లాటినం మీద పీజెడ్‌టీ ధ్రువణాన్ని కొన్ని కోట్ల సార్లు అటూ ఇటూ తిప్పేసరికి లూప్ (వోల్టేజీతో ధ్రువణం ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) నీరసించిపోతుంది. ఎస్‌ఆర్‌ఓ మీద ఆ బెడద దాదాపు లేదు. పైగా పరమాణువుల అమరిక కలిసొస్తుంది. క్రిస్టల్‌లో ఆ అమరిక ఎంత దూరానికోసారి తిరిగొస్తుందో చూస్తే, అడుగున ఉండే స్ట్రాన్షియం టైటనేట్ 3.905 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఎస్‌ఆర్‌ఓ 3.93, బిస్మత్ ఫెర్రైట్ 3.96. పొర మీద పొర క్రిస్టల్‌గానే పెరుగుతుంది.

నయోబియం కలిపిన స్ట్రాన్షియం టైటనేట్‌తో పని తేలిక, ఎలక్ట్రోడ్ వేరే వేయక్కర్లేదు. కానీ అది సెమీకండక్టర్, లూప్ ఒక పక్కకు జరిగిపోతుంది. త్వరగా ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-రేలతో క్రిస్టల్ పరీక్ష) తీయడానికైతే సరే. ఎల్‌ఎస్‌ఎంఓ (లాంథనం స్ట్రాన్షియం మాంగనైట్) పరవాలేదు, ఆక్సిజన్ తగ్గితే మాత్రం నిరోధం పెరిగిపోతుంది.

ఇక ఎస్‌ఆర్‌ఓ పెట్టిన తిప్పలు. మొదటి ఏడాది ఆర్నెల్ల పాటు నా ఫిల్మ్‌లన్నీ లీకే, అంటే ఆగాల్సిన కరెంటు వాటిగుండా కారిపోయేది. లూప్ అరటికాయలా ఉబ్బి వచ్చేది. బిస్మత్ ఆవిరైపోతోందనుకుని, 10 శాతం ఎక్కువ బిస్మత్ ఉన్న టార్గెట్ (లేజర్ కొట్టే పదార్థపు బిళ్ల) వాడాను. ఫలితం లేదు. చల్లార్చేటప్పుడు ఆక్సిజన్ పీడనాన్ని కొన్ని వందల టార్‌లకు పెంచాను. కొంచెం మెరుగైంది, అంతే. ఒకరోజు విసుగొచ్చి ఎస్‌ఆర్‌ఓ ఒక్కటే వేసి ఏఎఫ్‌ఎం (సన్నటి సూదితో ఉపరితలాన్ని తడిమి చూపే మైక్రోస్కోప్) కింద పెట్టాను. చక్కగా పరమాణువుల మెట్లు కనబడాల్సిన చోట నిండా గుంటలు!

తప్పు నాదే. ఎస్‌ఆర్‌ఓ వేశాక హీటర్‌ను 680 డిగ్రీల దగ్గరే ఉంచి, ఆక్సిజన్ బాగా తగ్గించి, తీరిగ్గా లేజర్ ఎనర్జీ సరిచూసుకునేవాణ్ణి. అంత వేడిలో ఆక్సిజన్ చాలకపోతే ఎస్‌ఆర్‌ఓ నిలవదు, రుథీనియం ఎగిరిపోతుంది. నేను పైపొరను తిట్టుకుంటున్నాను, చెడింది కిందిది. ఇప్పుడు ఆక్సిజన్‌ను 100 మిల్లీటార్ నుంచి కదలనివ్వను, రెండు నిమిషాల్లో టార్గెట్ మార్చేస్తాను. లీకేజీ ఒక్కసారిగా దిగింది.

ఇంకొకటి, సబ్‌స్ట్రేట్, అంటే అడుగున ఉండే స్ట్రాన్షియం టైటనేట్ పలక. డబ్బాలోంచి తీసినదాన్ని నేరుగా వాడితే మెట్లు రావు. బఫర్ చేసిన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కడిగి, 950 డిగ్రీల దగ్గర కాల్చాకే వాడాలి. ఆ ఆమ్లం అంటే నాకు ఇప్పటికీ టెన్షనే, గ్లవ్స్ రెండు జతలు వేసుకుంటాను.

వారానికోసారి ఎస్‌ఆర్‌ఓ ఒక్కటే వేసి చూసుకుంటాను. మెట్లు కనబడకపోతే ఆ వారం పైపొర జోలికి పోను.