రామోన్స్ గోడ కోసం న్యూయార్క్‌లో రెండు రోజులు

బోవరీ వీధి దగ్గర మేం దిగిన హోటల్ పేరు రాయను. ఆ చుట్టుపక్కల ఎక్కడ బుక్ చేసినా చివరి లైను దాకా చదవండి. రాత్రికి 189 డాలర్లని రెండు రాత్రులు తీసుకున్నాం. ఖాళీ చేసేటప్పుడు రోజుకు 35 చొప్పున 'ఫెసిలిటీ ఫీజు' కలిపారు. ఏం ఫెసిలిటీ అమ్మా అని అడిగితే, వైఫై, లాబీలో కాఫీ అంది కౌంటర్లో అమ్మాయి. రెండు రోజులూ ఆ కాఫీ మెషీన్ మీద 'పనిచేయదు' అని కాగితం అంటించే ఉంది. ఫొటో తీసి చూపించినా తగ్గించలేదు. 70 డాలర్లు పోయాయి.

అక్కడే దిగడానికి కారణం మా అబ్బాయి. రామోన్స్ అనే న్యూయార్క్ పంక్ రాక్ బ్యాండ్ 1976 ఏప్రిల్‌లో తెచ్చిన మొదటి ఆల్బమ్ వాడికి ప్రాణం. దాని అట్ట మీద కనిపించే గోడ అక్కడికి దగ్గర్లోనే ఉంది. 14 పాటలు, అన్నీ కలిపి అరగంట కూడా ఉండవు. రికార్డింగ్ ఖర్చు సుమారు 6,400 డాలర్లు. ఆ జూలైలో వాళ్లు లండన్ వెళ్లినప్పుడు, అక్కడ కొత్తగా బ్యాండ్ పెట్టిన క్లాష్ కుర్రాళ్లు తమకింకా వాయించడం సరిగా రాదన్నారట. బాగా వచ్చేదాకా ఆగితే ముసలివాళ్లయిపోతారు, ఎక్కి వాయించేయండి అన్నాడట రామోన్స్ గిటారిస్టు జానీ. మూడే మూడు గిటార్ కార్డ్‌లతో (కలిపి మీటే స్వరాలతో) కుస్తీ పడుతున్న మావాడు గిటార్ వదలకుండా ఉన్నది ఈ ఒక్క మాట వల్లే.

రామోన్స్ వాయించిన సీబీజీబీ క్లబ్ 2006లో మూసేశారు. ఆ చోట ఖరీదైన బట్టల కొట్టు పెట్టారు. పాత పోస్టర్ల గోడలు కొన్ని అలాగే ఉంచారు కానీ, చొక్కాల మధ్య నిలబడి చూడాలంటే నాకు మనసొప్పలేదు. ఐదు నిమిషాలు చాలు.

ఆల్బర్ట్స్ గార్డెన్ మాత్రం వదలొద్దు. ఈస్ట్ సెకండ్ స్ట్రీట్‌లో చిన్న తోట, టికెట్ లేదు. మొదటిరోజు తాళం వేసి ఉంటే మావాడు ఏడుపు మొహం పెట్టాడు. రెండోరోజు తెరిచి ఉంది. ఆల్బమ్ అట్ట మీది ఫొటోను రాబర్టా బేలీ తీసింది ఇక్కడి ఇటుక గోడ ముందే. ఇటుకల మధ్య సున్నం అక్కడక్కడా పెచ్చులూడింది. పైన ఆకుల నీడ.

ఆ ఫొటోలో ఉన్న బ్యాండ్ నలుగురిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. చివరగా డ్రమ్మర్ టామీ 2014 జూలైలో పోయాడు. ఆల్బమ్‌కు అమెరికాలో, అమ్మకాలను బట్టి ఇచ్చే గోల్డ్ గుర్తింపు వచ్చింది కూడా ఆ ఏడాదే.

మావాడు గోడకు వీపు ఆనించి, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. బిల్లు చూసినప్పటి నుంచీ మాట్లాడని మా ఆయన, "కాస్త ఎడమకి జరగరా" అంటూ ఫోన్ తీశారు.