బ్లూస్ జూనియర్‌లో గ్రీన్‌బ్యాక్: 8 ఓములు, 16 ఓములు, ఐదేళ్ల వాడకం

నా దగ్గరున్నది ఫెండర్ బ్లూస్ జూనియర్. 15 వాట్ల గిటార్ యాంప్, ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో పనిచేసే ట్యూబ్ యాంప్, లోపల 12 అంగుళాల స్పీకర్ ఒక్కటే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండేళ్లు బాగానే పలికింది. తర్వాత లావు తీగ మీటినప్పుడల్లా ఎవరో రేకు డబ్బా తట్టినట్టు చప్పుడు మొదలైంది. ట్యూబులు మార్చాను, వదులైన స్క్రూలన్నీ బిగించాను, పోలేదు. చివరికి స్పీకర్ కోన్‌ని నాలుగు వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి చూస్తే గరగరమంది. వాయిస్ కాయిల్, అంటే కోన్ వెనకున్న తీగచుట్ట, రాసుకుంటోంది. బాగు చేయించడం కన్నా కొత్తది వేసుకోవడమే నయమని సెలెస్టియన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ ఆర్డర్ పెట్టాను.

యాంప్‌కి తగ్గట్టు అడిగింది 8 ఓములది, వచ్చింది 16 ఓములది. పంపినవాళ్లది పొరపాటే. లేబుల్ కూడా చూడకుండా, డబ్బా విప్పిన పది నిమిషాల్లో బిగించేసిన తొందర మాత్రం నాది. అలా ఏడు నెలలు వాయించాను.

వినడానికి బాగానే ఉండేది. అందుకే అనుమానం రాలేదు. డ్రమ్స్‌తో కలిసి ప్రాక్టీస్ చేసేటప్పుడే ఏదో వెలితి. వాల్యూమ్ ఎంత తిప్పినా నా గిటార్ వెనకబడిపోయేది. ఒకరోజు మల్టీమీటర్ తీసి స్పీకర్ టెర్మినళ్ల మీద పెడితే ఒక ఓమ్ కూడా చూపించలేదు. స్పీకర్ షార్టయి యాంప్ పోయిందేమోనని ఒకటే టెన్షన్. కాసేపటికి గానీ బుర్ర వెలగలేదు. జాక్ తీయకుండానే కొలిచాను. అలా కొలిస్తే స్పీకర్‌తో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు కూడా లెక్కలోకి వస్తుంది, ఆ తీగ నిరోధం చాలా తక్కువ. జాక్ పీకి మళ్లీ పెడితే 13 దగ్గర ఆగింది. అప్పుడు టార్చి వేసి లేబుల్ చదివాను. 16 అని అంత స్పష్టంగా రాసి ఉంది!

16 ఓముల స్పీకర్ 13 చూపించడమేమిటని అనిపించవచ్చు. మీటర్ కొలిచేది కాయిల్ తీగ నిరోధం మాత్రమే. ఇంపెడెన్స్, అంటే గిటార్ సిగ్నల్‌కి స్పీకర్ చూపే మొత్తం అడ్డు, స్వరాన్ని బట్టి మారుతుంది, లేబుల్ మీద ఉన్నది నామమాత్రపు అంకె. 8 ఓముల స్పీకర్ అయితే మీటర్ మీద ఆరు, ఏడు మధ్యలో కనిపిస్తుంది.

ట్యూబ్ యాంప్‌లో ఈ అంకె పట్టించుకోవడానికి కారణం ట్రాన్స్‌ఫార్మర్. స్పీకర్ వైపున్న 8 ఓములను అది ట్యూబులకు కొన్ని వేల ఓములుగా చూపిస్తుంది. 16 తగిలిస్తే ఆ వేలు కూడా రెట్టింపవుతాయి. పవర్ కొంత తగ్గుతుంది. ఫుల్ వాల్యూమ్‌లో ట్యూబుల స్క్రీన్ల (లోపలి జాలీల) మీద, ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ మీద ఒత్తిడి పెరుగుతుంది. 4 ఓములు తగిలిస్తే ఉల్టా, ట్యూబుల్లో కరెంట్ పెరిగి అవి త్వరగా అరుగుతాయి. రెండింతల తేడాకి యాంప్ వెంటనే పోదు, నాది పోలేదు కూడా. కానీ స్పీకర్ వైరు పూర్తిగా ఊడిపోయి ఉండగా ట్యూబ్ యాంప్‌ని గట్టిగా వాయిస్తే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. అది మాత్రం హాస్యానికి కూడా చేయొద్దు.

తర్వాత 8 ఓముల గ్రీన్‌బ్యాక్ కొని వేశాను. వైర్ల ప్లస్, మైనస్ మీద అనుమానముంటే ఒక పెన్సిల్ సెల్ చాలు. సెల్ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ని మైనస్‌కి ఒక్క క్షణం ఆనిస్తే కోన్ ముందుకి కదలాలి. మొదటి సాయంత్రమే తేడా తెలిసింది. సౌండ్ కాస్త పెరిగింది, అంతకన్నా ముఖ్యంగా కింది స్వరాలకు బలం వచ్చింది. ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా అని మాత్రం చెప్పను.

ఇక స్పీకర్ సంగతి. మొదటి నెలంతా పైస్వరాలు చెవిలో గుచ్చుకునేవి. రోజూ వాయించగా కోన్ కుదురుకుని మెత్తబడింది. ఇప్పుడు మధ్య స్వరాలు గొంతు విప్పినట్టు వస్తాయి. గెయిన్ పెంచి బ్లూస్ వాయిస్తే దీనికి తిరుగులేదు. ఫెండర్ క్లీన్ (బరబర లేని) సౌండ్‌లో ఉండే ఆ గాజు మెరుపు కొంత తగ్గింది, అది నాకు నష్టమే. బేస్ నాబ్ సగం దాటితే అడుగున వదులైపోతుంది. దీని సామర్థ్యం 25 వాట్లే. 15 వాట్ల యాంప్ గట్టిగా తిప్పితే 15 కన్నా ఎక్కువే ఇస్తుంది, అయినా ఇక్కడ సరిపోతుంది. ఫెండర్‌దే 40 వాట్ల హాట్ రాడ్ డీలక్స్ యాంప్‌లో ఇదొక్కటే వేస్తే కాయిల్ కాలిపోవచ్చు. సౌండే ముఖ్యమనుకునేవాళ్లు ఓములతో పాటు సెన్సిటివిటీ అంకె, అంటే ఒక్క వాట్‌కి ఎంత సౌండ్ ఇస్తుందో అది కూడా చూడాలి. గ్రీన్‌బ్యాక్‌ది 98 డెసిబెల్స్, అదే కంపెనీ వింటేజ్ 30ది 100. యాంప్ వాట్లను రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్సే, అందుకని ఆ రెండు కూడా తక్కువేం కాదు.

మా బాబాయి కొడుకుది ట్రాన్సిస్టర్ యాంప్. "అన్నా, నాలుగైతే ఏంటి, ఎనిమిదైతే ఏంటి, వచ్చేది పాటే కదా" అన్నాడు. వాడి యాంప్ వెనక కనీసం 8 ఓములు అని రాసి ఉంది. 4 తగిలించాడు. అరగంటకల్లా హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు పలక) మీద చెయ్యి పెట్టలేకపోయాం, వెంటనే ఆపించాను. దానికి 16 తగిలించినా ఫర్వాలేదు, సౌండ్ తగ్గుతుందంతే.

మూలన పడి ఉన్న 16 ఓములదాన్ని అమ్మబుద్ధి కాలేదు. పోయినేడాది దానికి జతగా ఇంకో 16 కొన్నాను, ఈసారి డబ్బా గుమ్మం దగ్గరే విప్పి లేబుల్ చదివాను. మా వీధి వడ్రంగి చేత రెండింటికీ ప్లైవుడ్ పెట్టె చేయించాను. "టీవీ స్టాండుకి ఈ గుండ్రటి బెజ్జాలెందుకు సార్?" అని అడిగాడు పాపం. రెండు స్పీకర్లనీ ప్యారలల్‌గా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపి, ప్లగ్ దగ్గర మీటర్ పెట్టాను. ఆరున్నర.