1939 రూపాయా, చార్మినార్ రూపాయా, శాతవాహనుల సీసమా?

నాణేలు కూడబెట్టడం మొదలుపెట్టిన ప్రతివాళ్లూ నన్నడిగేది ఇదే: "ఎంత పాతదైతే అంత ధర కదా, శాతవాహనులవి కొనేయమంటారా?" నాణేల బజారులో వయసుకి అంత మర్యాద లేదండీ. పద్దెనిమిది వందల ఏళ్లు దాటిన శాతవాహనుల సీసపు నాణెం, కాస్త అరిగినదైతే, కొన్ని వందలకే దొరుకుతుంది. మొన్నటి 1939 రూపాయి, అంటే ఆరో జార్జి రాజు బొమ్మున్న బ్రిటిష్ రూపాయి మాత్రం దాని తోటి వెండి రూపాయిలకన్నా పదుల రెట్లు పలుకుతుంది.

శాతవాహనులవి చవక కావడానికి ఒక కారణం నేలే చెబుతుంది. తెలంగాణలోని ఒక్క పెద్దబంకూరు తవ్వకాల్లోనే 22 వేలకు పైగా బయటపడ్డాయి. అలాగని వాటిలో అరుదైన రకాలు లేవా? ఉన్నాయి. కానీ వాటిమీది బ్రాహ్మి లిపి చదవగలిగేవాళ్లు, కావాలని వెతికేవాళ్లు తక్కువ. అరుదైన సరుకైనా అడిగే నాథుడు లేకపోతే ధర ఎక్కడినుంచి వస్తుంది?

నా లెక్కలో అసలు కీలకం ఆల్బమ్‌లో ఖాళీ గడి. బ్రిటిష్ రూపాయిలు పోగుచేసేవాళ్లు ఆల్బమ్‌లో ఏడాదికో గడి చొప్పున పేర్చుకుంటారు. 91.7 శాతం వెండితో కొట్టిన చివరి రూపాయి 1939ది. ఆ తరువాత వెండి సగానికి దిగింది. ఆ ఏడాదివి మిగిలినవి బహు కొద్ది, కానీ గడి అందరి ఆల్బమ్‌లోనూ ఖాళీయే. 1911 'పంది రూపాయి'తో పోల్చి చూడండి. దానిమీది ఐదో జార్జి రాజు దుస్తులపై ఉన్న ఏనుగు పందిలా ఉందని గొడవైంది. 94 లక్షలు కొడితే 7 లక్షలే జనంలోకి వెళ్లాయి, మిగతావి కరిగించేశారు. కథ దానిదే పెద్దది. అయినా ఆ 7 లక్షలు చాలామంది గడులు నింపడానికి సరిపోయాయి, అందుకే ధరలో 1939 ముందు నిలవదు.

మరి 1939 కొనమంటానా? డబ్బుండి, నమ్మకమైన వేలం సంస్థ ద్వారా అయితే సరే. 1938లోని ఎనిమిదిని చెక్కి తొమ్మిది చేసినవి తిరుగుతుంటాయి. మొదటి కొనుగోలుకి అంత సాహసం ఎందుకు?

నా మొగ్గు చార్మినార్ రూపాయివైపు, అంటే చార్మినార్ బొమ్మున్న నిజాం కాలపు హైదరాబాద్ వెండి రూపాయివైపు. పోయిన నెల నేను కొన్నదీ అదే. 11.18 గ్రాముల బరువు, 81.8 శాతం వెండి. నాణేల బజారు ఎంత పడినా, అందులోని వెండి విలువకన్నా తక్కువకి పోదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కొట్టినవాటిలో వెండి సగమే, కొనేముందు దానిమీది హిజ్రీ (ఇస్లామిక్ పంచాంగం) సంవత్సరం చూసుకోండి. ఆ అరబ్బీ అంకెలు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. హైదరాబాద్‌లో తాతగారి హాలీ సిక్కాల (నిజాం నాణేల) మాటలు వింటూ పెరిగిన ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, అడిగేవాళ్లకి కరువు లేదు. ఇందులోనూ గడుల ఆట ఉంది: బొమ్మలోని చార్మినార్ గుమ్మంలో చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులోని 'ఐన్' అనే అరబ్బీ అక్షరం ఉంటుంది. తొలినాళ్ల హిజ్రీ 1329-30 నాణేల్లో కొన్నింటిమీద అది సగమే పడింది. అలాంటివాటికి వెతుకులాట వేరు.

ఇక వైష్ణోదేవి బొమ్మున్న 5 రూపాయలకి లక్షలిస్తామనే ప్రకటనలు... వదిలేయండి. తన పేరు చెప్పుకుని అలా మోసం చేస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఏది కొన్నా చింతపండుతో తోమకండి. మెరుపు వస్తుంది, ధర పోతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి మరో మాట: నూరేళ్లు దాటిన నాణేన్ని 1972 పురావస్తు చట్టం ప్రకారం సూట్‌కేసులో వేసుకుని దేశం దాటించకూడదు.

నేను తెచ్చుకున్నది 1330ది, బాగా అరిగింది. గుమ్మంలో ఉన్నది సగం 'ఐన్' అక్షరమో, పూర్తి అక్షరమో భూతద్దం పెట్టి నెలరోజులుగా చూస్తూనే ఉన్నాను.