సూప్‌కు వంక లేదు, చూసుకునే చెయ్యే లేదు: ఒక హాట్‌పాట్ రెస్టారెంట్‌కు రెండేళ్లు వెళ్లాక

రెండేళ్లుగా నెలకు ఒకటి రెండుసార్లు తింటున్న చోటు ఇది. హాట్‌పాట్ అంటే బల్ల మీద మరిగే సూప్ కుండలో మాంసం, కూరగాయలు మనమే ఉడికించుకుని తినే చైనా పద్ధతి. తేల్చాల్సింది ముందే తేల్చేస్తాను: సూప్‌కు ఐదుకు నాలుగున్నర, మాంసం, కూరగాయల తాజాదనానికి నాలుగు, సర్వీసుకు ఒకటిన్నర. మామూలు హోటల్ అయితే ఇలాంటి మార్కులతో కూడా మొత్తం మీద బాగుందనే అనొచ్చు. అక్కడ వంట లోపలే పూర్తయి వస్తుంది, సర్వర్ కాస్త ఆలస్యం చేస్తే మన ఓపికే పోతుంది. హాట్‌పాట్‌లో వంట జరిగేది మన బల్ల మీద. సూప్ ఎప్పుడు పోశారు, ఎంత వేడిది పోశారు, ఏ ప్లేటు ముందు తెచ్చారు, ఇవన్నీ వంటలో భాగమే. ఇక్కడ సర్వీసు లోపం నేరుగా నాలుకకు తెలుస్తుంది.

ముందు మంచి మాట. ఎర్ర సూప్ చైనాలోని చోంగ్‌చింగ్ నగరం పద్ధతిది: గొడ్డు కొవ్వు, ఎండుమిర్చి, పిషియాన్ బీన్ పేస్ట్ (మిరప, చిక్కుడు గింజలు పులియబెట్టిన ముద్ద), సిచువాన్ మిరియాలు (మన నల్ల మిరియాలు కావు). కొవ్వు, మసాలా కలిపి గడ్డకట్టించిన సీలు ప్యాకెట్‌ను బల్ల దగ్గరే చించి కుండలో వేస్తారు. ఇది చూపించడం కోసం చేసే పని కాదు. చైనాలో కొన్ని హోటళ్లు తిన్నవాళ్లు వదిలిన నూనెనే వడకట్టి మళ్లీ వాడి పట్టుబడ్డాయి, అది అక్కడ నేరం. మన కళ్ల ముందు విప్పిన ప్యాకెట్‌తో ఆ అనుమానం ఉండదు. సిచువాన్ మిరియాలు తాజావి, పెదవులు జుమ్మంటాయి కానీ చేదు రాదు. ఆ జుమ్మనడం సాన్‌షూల్ అనే పదార్థం వల్ల వస్తుంది. అది సెకనుకు సుమారు 50 సార్లు అదిరినట్టు పెదవికి అనిపిస్తుందని లండన్ పరిశోధకులు 2013లో కొలిచారు. పాత మిరియాలైతే ఈ అదురు తగ్గి చేదే మిగులుతుంది. తెల్ల సూప్ కూడా ఎముకలు గంటల తరబడి మరిగించి తీసిందే; చల్లారితే జెల్లీలా గడ్డకట్టడం చూస్తే తెలిసిపోతుంది.

ఇంత మంచి సూప్ బల్ల మీదకు వచ్చాక దిక్కులేనిదవుతుంది.

మొదటి చిక్కు మరగడంతోనే మొదలు. రెండు అరల కుండలో (దీన్ని యువాన్‌యాంగ్ కుండ అంటారు) మొత్తం మూడు లీటర్ల దాకా సూప్ పడుతుంది. లోపలి నుంచి వేడిగా తెస్తే రెండు మూడు నిమిషాల్లో మరుగు అందుకుంటుంది. ఇక్కడ రద్దీ ఉన్నప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిందే పోసి వెళ్లిపోతారు. ఐదు డిగ్రీల దగ్గరున్న మూడు లీటర్లు మరగాలంటే 2000 వాట్ల ఇండక్షన్ మీద పన్నెండు నిమిషాలైనా పడుతుంది. స్టవ్‌ను మధ్య స్థాయిలో పెట్టి వెళ్తే ఇరవై దాటుతుంది. ఆ స్థాయి మార్చే మీట బల్ల అంచు కింద ఉంటుంది, దాని సంగతి ఎవరూ చెప్పరు. కూర్చోగానే బల్ల కింద తడిమి మీటను పూర్తిగా పెంచుకోండి.

ఈలోపు మాంసం వచ్చేస్తుంది. సన్నగా చుట్టలు చుట్టిన గొర్రె మాంసం, సగం గడ్డకట్టిన స్థితిలో మిషన్ మీద ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందాన కోస్తారు. అది అలా గట్టిగా ఉన్నప్పుడే చుట్ట విడదీసి సూప్‌లోకి జార్చాలి. పావుగంట బల్ల మీద ఉంటే చుట్టలు కూలి ఒకదానికొకటి అంటుకుంటాయి, ప్లేటు అడుగున గులాబీ రంగు నీరు చేరుతుంది. ఆ నీటితోనే రుచిలో కొంత పోతుంది. అంటుకున్న ముద్దను కుండలో వేస్తే బయట ఉడికిపోయి మధ్యలో పచ్చిగా ఉంటుంది. సూప్ మరిగాకే మాంసం తెమ్మని ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పడం తప్ప దీనికి వేరే దారి లేదు. ఫోన్‌లో కోడ్ స్కాన్ చేసి ఆర్డరు పెడితే అన్నీ ఒకేసారి లోపలికి వెళ్తాయి. కాబట్టి రెండు విడతలుగా పెట్టండి: మొదట దుంపలు, టోఫు, మీట్‌బాల్స్, సూప్ తెర్లడం మొదలయ్యాక మాంసం, ఆకుకూర.

అసలు బాధ సూప్ మళ్లీ పోయడంలో ఉంది. హాట్‌పాట్ సర్వీసు అంటే ముప్పాతిక భాగం ఇదే.

బల్ల మీద నిరంతరం తెర్లే కుండలోంచి గంటకు లీటరు దాకా నీరు ఆవిరవుతుంది. ఉప్పు ఆవిరి కాదు. రెండు లీటర్లున్న సూప్ లీటరుంపావుకు దిగితే ఉప్పదనం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పైగా మీట్‌బాల్స్, చేప ముక్కల ఉప్పు కూడా అందులోనే దిగుతుంది. అలవాటున్న సర్వర్ కుండలో సూప్ మూడో వంతు తగ్గగానే, అడగకుండానే, వేడి కూజా పట్టుకుని వస్తాడు. ఎర్ర అరలో ఉప్పు లేని వేడి సూప్, తెల్ల అరలో అసలు తెల్ల సూప్ పోస్తాడు, నురుగు తీసి పక్కన పెడతాడు, స్టవ్ పెంచి వెళ్తాడు. అంతా అరనిమిషం పని.

ఇక్కడ చేయి ఎత్తాక పది, పదిహేను నిమిషాలు చూడాలి. వచ్చాక రెండు అరలకూ ఒకటే కూజా. ఎక్కువసార్లు అందులో ఉండేది చల్లటి నీళ్లు. మంచి తెల్ల సూప్ అర్ధగంటలో వేడినీళ్ల రుచికి వస్తుంది. ఎర్ర అరలో జరిగేది ఇంకా ఘోరం. పైన వేలెడు మందాన నూనె ఉంటుంది, అది మూతలా వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే కింద సలసల మరుగుతున్నా పైన నిమ్మళంగా కనిపిస్తుంది. అందులోకి ఎత్తు నుంచి ధారగా పోస్తే నూనె చిమ్ముతుంది, కూర్చున్నవాళ్ల చేతుల మీద పడుతుంది. పోసేముందు స్టవ్ తగ్గించాలి, కూజా మూతిని కుండ అంచుకు ఆనించి నెమ్మదిగా వదలాలి. ఇక్కడ ఈ రెండూ చేసే సర్వర్‌ను రెండేళ్లలో ఒక్కరినే చూశాను. ఆ అబ్బాయి కొన్ని నెలలకే మానేశాడు.

చల్లటి నీళ్లు పోశాక మరుగు చచ్చిపోతుంది. అప్పుడు గొడ్డు కొవ్వు అసలు గుణం బయటపడుతుంది. నలభై డిగ్రీల చుట్టుపక్కలకు దిగితే అది గడ్డకట్టడం మొదలెడుతుంది, గిన్నె అంచుకు, ఆకులకు, పై అంగిటికి తెల్లగా అంటుకుంటుంది. ఎర్ర సూప్ జిడ్డుగా ఉందని చాలామంది అనేది ఈ దశలో తిన్నదాని గురించే.

నురుగు తీసే గరిటె బల్ల మీద ఉండదు, అడగాలి. మాంసం వేశాక పైకి తేలే బూడిద రంగు నురుగును రెండు మూడు నిమిషాలకోసారి తీయకపోతే అది చిన్న తునకలుగా విడిపోయి సూప్‌ను మడ్డిగా చేస్తుంది, ఆకులకు పట్టుకుంటుంది. ఆలుగడ్డ, నూడుల్స్ గంజి వదులుతాయి. గంజి చేరిన సూప్ పాలలా పొంగుతుంది. పొంగితే రెండు అరల మధ్య గోడ ఉన్నా లేనట్టే, ఎర్రది తెల్లదాంట్లోకి దూకుతుంది.

ఇది కారం తట్టుకోలేనివాళ్లకు ఇబ్బంది మాత్రమే. శాకాహారులకు, గొడ్డు మాంసం ముట్టనివాళ్లకు అంతకంటే పెద్ద సంగతి. ఈ రెస్టారెంట్ మీద నాకున్న కోపంలో ఎక్కువ భాగం ఇక్కడే. ఎర్ర సూప్‌లో వాడింది జంతువుల కొవ్వా, మామూలు నూనా అని అడిగితే ఒక్కోసారి ఒక్కో జవాబు. పుట్టగొడుగుల సూప్ పేరు చూసి శాకాహారం అనుకునేవాళ్లుంటారు, దానికి ఆధారం కోడి ఎముకల సూప్ అని లోపల అడిగితే తప్ప తెలియలేదు. చేప బాల్స్, పీత కర్రల్లో (క్రాబ్ స్టిక్స్) ఏం కలిసిందో ప్యాకెట్ తెచ్చి చూపించమంటే చిరాకు పడతారు. నువ్వులు, పల్లీలు, రొయ్యలు పడనివాళ్లకు ఇది ప్రాణం మీదికి వచ్చే విషయం. తెలియకపోతే లోపల కనుక్కుని వస్తానని చెప్పాలి, ఏదో ఒకటి ఊహించి చెప్పకూడదు. మీకు ఇలాంటి నియమం ఏదైనా ఉంటే ఇక్కడ అరల కుండ తీసుకోవద్దు. విడిగా కుండ, విడిగా గరిటె అడగండి. నియమం పాటించేది ఒక్కరే అయినా సరే.

పచ్చి మాంసం విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. మనిషికి ఒక జత చాప్‌స్టిక్స్ ఇచ్చి ఊరుకుంటారు. పచ్చిది పట్టుకునే పట్టకారు వేరుగా, తినే చాప్‌స్టిక్స్ వేరుగా ఉండాలి. పచ్చి కోడి రసం అంటిన మొనతోనే ఉడికిన ముక్క నోట్లో పెట్టుకుంటే సూప్ ఎంత మరిగినా లాభం లేదు. పట్టకారు అడిగితే ఇస్తారు, అడగాలి. కోడి, పంది ముక్కలు, మీట్‌బాల్స్ మధ్యలో కూడా 70 డిగ్రీలు దాటేలా ఉడకాలి. అంటే ఒక ముక్క విరిచి చూసుకోవడం తప్ప బల్ల దగ్గర వేరే కొలత లేదు.

ఏది ఎంతసేపు ఉడకాలో ఇక్కడ ఎవరూ చెప్పరు, మెనూలోనూ లేదు. సూప్ గట్టిగా మరుగుతున్నప్పుడు లెక్క ఇది: సన్నటి గొర్రె ముక్క రంగు పూర్తిగా మారేదాకా, పదిహేను ఇరవై సెకన్లు. బోటి పొరలకు చోంగ్‌చింగ్‌లో ఒక కొండగుర్తు ఉంది, ఏడుసార్లు పైకి, ఎనిమిదిసార్లు కిందికి. అంటే చాప్‌స్టిక్స్‌తో పట్టుకునే ముంచి తీస్తూ పదిహేను సెకన్లు. వదిలేస్తే రబ్బరు. పొట్టు తీసిన రొయ్య రెండు మూడు నిమిషాలు. గడ్డకట్టిన మీట్‌బాల్స్ తేలిన తర్వాత ఇంకో రెండు నిమిషాలు. అర సెంటీమీటరు మందం ఆలుగడ్డ, తామర దుంప ఐదారు నిమిషాలు. ఆకుకూర తెల్ల అరలోనే, అరనిమిషం. ఎర్ర అరలో వేస్తే ఆకు మడతల్లో నూనె నిలిచి ఒక్కో ఆకుతో చెంచాడు కారం నూనె లోపలికి పోతుంది. ఇంకొకటి, మాంసం ప్లేటు మొత్తం ఒకేసారి కుమ్మరించకండి. గడ్డకట్టిన 200 గ్రాములు రెండు లీటర్ల సూప్‌ను పది డిగ్రీలకు పైగా దించేస్తాయి. అప్పుడు పైన చెప్పిన సెకన్లేవీ పనికిరావు.

తొమ్మిది గళ్ల చట్రం ఉన్న కుండ కూడా దొరుకుతుంది. చట్రం దించి వెళ్లిపోతారు తప్ప వాడకం చెప్పరు. నడిమి గడిలో మరుగు ఎక్కువ, బోటి, సన్న మాంసం అక్కడ. దాని నాలుగు పక్కల గళ్లలో మధ్యస్థం. నాలుగు మూలల్లో మరుగు తక్కువ, ఎక్కువసేపు నానాల్సిన దుంపలు, టోఫు అక్కడ వేసి మరిచిపోవచ్చు.

సాస్ కౌంటర్ బాగుంటుంది, తెరిచిన మొదటి గంటలో. తర్వాత దంచిన వెల్లుల్లి, కొత్తిమీర అయిపోతాయి, నింపరు. ఎర్ర సూప్‌కు నువ్వుల నూనె, దంచిన వెల్లుల్లి, కొంచెం ఉప్పు చాలు. నూనె ముక్కను చల్లారుస్తుంది, మిరప కారం నూనెలో కరుగుతుంది కాబట్టి మంట కొంత అందులోకి దిగుతుంది. మంట ఎక్కువైనప్పుడు ఇక్కడ సర్వర్లు తెచ్చేది ఐస్ నీళ్లు. నీళ్లలో ఆ కారం కరగదు, పాలో పెరుగో అడగండి. చిక్కటి నువ్వుల పేస్ట్ తెల్ల సూప్‌లో ముంచిన గొర్రె మాంసానికి బాగుంటుంది, బీజింగ్ వాళ్ల పద్ధతి అది.

హాట్‌పాట్ అంటే సర్వీసు అనే పేరు ఊరికే రాలేదు. చైనాలోని సిచువాన్ రాష్ట్రం జియాన్‌యాంగ్‌లో 1994లో మొదలైన హైదిలావ్ అనే హాట్‌పాట్ హోటళ్ల సంస్థ, వేచి ఉన్నవాళ్లకు తినుబండారాలు ఇచ్చి, గోళ్లకు రంగు వేయించి, సర్వీసుతోనే ఖ్యాతి పొందింది. అలాంటివేవీ ఇక్కడ అడగడం లేదు. నాలుగు బల్లలకు ఒక మనిషి, చేతిలో వేడి సూప్ కూజాలు రెండు, ఒక నురుగు గరిటె ఉంటే చాలు. ఇప్పుడున్న పద్ధతిలో ఆర్డరు తీసుకునేవారు ఒకరు, ప్లేట్లు తెచ్చేవారు ఒకరు, బిల్లు వేసేవారు ఒకరు. కుండ ఎవరి పనీ కాదు. దీనిమీద తొంభై నిమిషాల గడువు ఒకటి. మరగడానికి ఇరవై, సూప్ కోసం చూడటానికి ఓ పాతిక పోతే తినడానికి మిగిలేది ముప్పావుగంట. గడువును కూర్చున్నప్పటి నుంచి కాకుండా సూప్ మరిగినప్పటి నుంచి లెక్కపెట్టమని మేనేజర్‌ను అడిగితే చాలాసార్లు ఒప్పుకున్నారు. కానీ అడగనివాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

అయినా వెళ్లాలనుకుంటే, ఆ సూప్ కోసం వెళ్లొచ్చు కూడా, సెలవు రోజు సాయంత్రాలు వద్దు. మామూలు రోజు తెరిచిన మొదటి గంటలో, వంటగది తలుపు పక్కనున్న బల్ల అడగండి. వేడి కూజాలు ఆ తలుపులోంచే వస్తాయి. కూర్చోగానే ఒక్క మాటలో అన్నీ అడిగేయండి: పచ్చి మాంసానికి పట్టకారు, నురుగు గరిటె, చల్లార్చుకోవడానికి చిన్న గిన్నెలు, తెల్ల సూప్ ఒక కూజా, వేడినీళ్లు ఒక కూజా, బల్ల మీదే ఉంచమని. ఆ రెండు కూజాలు చేతికందేలా ఉంటే మిగతా పూట ఎవరినీ పిలవాల్సిన పని పడదు. పోసే ముందు మాత్రం స్టవ్ తగ్గించి, కూజా మూతిని అంచుకు ఆనించి పోయండి.