రెండంతస్తుల ఫెరెట్ బోను: కొనేముందు, అసలు ఫెరెట్‌ను తెచ్చుకునేముందు

అమెరికాలో పెంపుడు జంతువుల దుకాణాలకు వెళ్లినప్పుడు, గాజు గదిలో ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్న ఫెరెట్ (ముంగిసను పోలిన, పొడవాటి ఒళ్లున్న చిన్న పెంపుడు జంతువు) పిల్లలను చూసి పిల్లలు మారాం చేయడం, తల్లిదండ్రులు అక్కడికక్కడే ఒకదాన్ని కొని, దుకాణంవారు చూపించిన చిన్న బోనును కూడా కారులో వేసుకుని ఇంటికి రావడం మా డాలస్ ప్రాంతపు తెలుగు కుటుంబాలలో అప్పుడప్పుడు జరుగుతున్నదే. ఆ చిన్న బోను ఎందుకు చాలదో, దాని బదులు మా ఇంట్లో రెండు ఫెరెట్ల కోసం వాడుతున్న రెండంతస్తుల ఇనుప బోను ఎలా పనిచేస్తున్నదో చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను. అయితే బోను మంచిచెడ్డలు అందులో ఉండే ప్రాణి స్వభావాన్ని బట్టే తేలుతాయి కాబట్టి, ఆ ప్రాణి గురించి కూడా వివరంగానే చెప్పవలసి ఉంటుంది.

మా బోను ఎత్తు ఐదడుగుల పైచిలుకు, వెడల్పు మూడడుగులు, లోతు రెండడుగులు. ధర 300 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. అడుగున చక్రాలు ఉండడం వల్ల గది ఊడ్చేటప్పుడు ఒక్కరే పక్కకు జరపవచ్చు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చినవి తలుపులు. ప్రతి అంతస్తులోనూ ముందుభాగం మొత్తం బీరువా తలుపుల మాదిరిగా రెండు రెక్కలుగా తెరుచుకుంటుంది. చెయ్యి మాత్రమే పట్టే చిన్న ద్వారం ఉన్న బోనులలో వెనుక మూలలు అందవు, అందని మూలలో పేరుకున్న మురికి రెండు రోజుల్లోనే గదంతా కంపు కొట్టిస్తుంది. ఊచల మధ్య ఎడం ఒక అంగుళం. పెరిగిన ఫెరెట్‌కు అది సరిపోతుంది గానీ, తల పట్టినచోట ఒళ్లంతా దూర్చగల జంతువు ఇది కనుక, చిన్న పిల్లను తెచ్చుకునేవారు అర అంగుళం ఎడం ఉన్న రకాన్నే తీసుకోవడం క్షేమం. గడియ తిప్పితే గాని తెరుచుకోనిదై ఉండాలి. ముక్కుతో పైకెత్తితే వచ్చేసే గడియ ఉన్న బోను ఎంత చవకగా దొరికినా వద్దు.

నేల మొత్తం ప్లాస్టిక్ పళ్లెం కావడం మరో మంచి విషయం. తీగల నేల మీద వీటి పాదాలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, గోళ్లు తీగల మధ్య ఇరుక్కుంటాయి. కాని ఆ పళ్లెం అంచు మరీ తక్కువ ఎత్తులో ఉంది. ఫెరెట్ మూత్ర విసర్జనకూ మలవిసర్జనకూ ఎప్పుడూ ఒక మూలను ఎంచుకుంటుంది. మూలను ఒకసారి వాసన చూసి, వెనక్కు తిరిగి, తోక పైకెత్తి, గోడకు ఆనేంతవరకు వెనక్కు వెనక్కు నడిచి, అక్కడ పని కానిస్తుంది. అంచు పొట్టిదైతే అదంతా ఊచల సందునుంచి గోడ మీదికి పోతుంది. మేము వెనుకభాగం ఎత్తుగా, ముందుభాగం తగ్గుగా ఉన్న లిట్టర్ పెట్టెలను (మలమూత్రాల కోసం పెట్టే పెట్టెలను) రెండు అంతస్తుల్లోనూ మూలలకు క్లిప్పులతో బిగించాం, ఆ తర్వాతే గోడ శుభ్రంగా ఉంది. పెట్టెలో కాగితపు గుళికలు వేయాలి. తడి తగిలితే గడ్డకట్టే మట్టి లిట్టర్ ముక్కుల్లోకీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది, దేవదారు, పైన్ చెక్కపొట్టు కూడా శ్వాసకు మంచిది కాదు. బోను బయట తిరిగేటప్పుడు మాత్రం పిల్లిలా వెతుక్కుంటూ పెట్టె దగ్గరకు వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. దగ్గర్లో ఏ మూల కనిపిస్తే ఆ మూలే దానికి చాలు కాబట్టి, తిరిగే ప్రతి గదిలోనూ ఒక పెట్టె ఉండాలి.

బోనుతో వచ్చిన మెట్లవాలు, అంటే ఫెరెట్ పై అంతస్తుకు ఎక్కే వాలు పలక, కాస్త నిటారుగా ఉంది. దానికి మెత్తటి ఫ్లీస్ గుడ్డ చుట్టి, రెండో అంతస్తు నుంచి జారిపడినా దెబ్బ తగలకుండా కింద ఒక వెడల్పాటి ఉయ్యాల కట్టాం. ఫెరెట్‌కు ఎత్తు మీద భయం లేదు, దూకితే ఏమవుతుందన్న అంచనా కూడా లేదు. ఉయ్యాలలు దానికి ప్రాణం. రోజుకు 14 నుంచి 18 గంటలు నిద్రపోయే ఈ జంతువు ఆ నిద్రలో ఎక్కువ భాగం ఉయ్యాలలోనే గడుపుతుంది. ఆ నిద్ర ఎంత గాఢమంటే, చేతుల్లోకి తీసుకున్నా మెడ వాల్చేసి, కాళ్లు వేలాడేసి, కదలకుండా ఉంటుంది. కొత్తగా పెంచేవారు ప్రాణం పోయిందేమోనని హడలిపోయే సందర్భం ఇదే. ఒళ్లు వెచ్చగా ఉండి, కాసేపటికి ఆవులించి కళ్లు తెరిస్తే కంగారు అవసరం లేదు.

ఎంత పెద్ద బోనైనా అది పడకగది మాత్రమే. యూరప్‌లో రెండువేల ఏళ్లకు పైగా కుందేళ్ల బొరియల్లోకి వదలడానికి పెంచిన జాతి ఇది. సొరంగాల్లో దూరడం, దొరికినదాన్ని ఈడ్చుకుపోయి దాచడం దాని రక్తంలోనే ఉంది. రోజుకు కనీసం మూడు నాలుగు గంటలు, వీలైతే ఉదయమూ సాయంత్రమూ, బయట వదలాలి, వదిలినంతసేపూ మనిషి దగ్గర ఉండాలి. ఆనందం పట్టలేనప్పుడు వీపు విల్లులా వంచి, నోరు తెరిచి, పక్కకు పక్కకు గెంతుతూ, గొంతులో కొక్కొక్కొమని చిన్న శబ్దం చేస్తూ మన కాళ్ల చుట్టూ తిరుగుతుంది. తెలియనివారు కరవడానికి వస్తోందనుకుంటారు. అది ఆటకు పిలుపు. పిల్లగా ఉన్నప్పుడు ఆటలో గట్టిగానే కొరుకుతుంది కనుక మొదటి కొన్ని నెలలు ఓపిగ్గా నేర్పాలి, కొట్టకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం ఒక్క నిమిషం కూడా ఇద్దరినీ ఒంటరిగా వదలకూడదు. నిద్రలో ఉన్న పసికందులను ఫెరెట్లు తీవ్రంగా గాయపరచిన సంఘటనలు జరిగాయి.

ఇంట్లో దానికి పొంచి ఉన్న అతిపెద్ద ప్రమాదం రబ్బరు. మన ఇళ్లలో గుమ్మం దగ్గర విడిచే హవాయి చెప్పులు, రిమోట్ మీటలు, ఇయర్‌ఫోన్ల చివర ఉండే మెత్తటి తొడుగులు, ప్రెషర్ కుక్కర్ గాస్కెట్, వీటన్నిటినీ ముక్కలు కొరికి మింగుతుంది. మా మగ ఫెరెట్ తన శరీరమంత పొడవున్న చెప్పును పట్టీ దగ్గర పళ్లతో పట్టుకుని, వెనక్కు నడుస్తూ, సోఫా కిందికి లాక్కుపోయే తీరు చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని మింగిన ముక్క పేగులో అడ్డుపడితే శస్త్రచికిత్స తప్పదు, దానికి వేల డాలర్లవుతాయి, ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. తిండి మానేసి, పళ్లు నూరుతూ, మలం సన్నని దారంలా వస్తుంటే ఆ రోజే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లాలి. వెనక్కు వాలే రిక్లైనర్ కుర్చీలు మరో గండం. వాటి లోపలి ఇనుప పట్టీల మధ్య ఫెరెట్లు నలిగి చనిపోవడం తరచుగా జరిగేదే కాబట్టి, రిక్లైనర్ ఉన్న గదిలోకి వాటిని రానివ్వకపోవడమే మంచిది.

తిండి విషయంలో శాకాహార కుటుంబాలవారు ముందే నిర్ణయించుకోవాలి. ఫెరెట్ పూర్తి మాంసాహారి. దాని పేగు చాలా పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటకు వచ్చేస్తుంది. పీచునూ గంజి పదార్థాన్నీ అది జీర్ణం చేసుకోలేదు. పెరుగన్నం, పాలు, అరటిపండు, ఎండుద్రాక్ష ఏవీ దానికి ఆహారం కావు, తీపి అయితే హాని కూడా. జంతు మాంసం నుంచి వచ్చిన ప్రొటీన్ 35 శాతానికి, కొవ్వు దాదాపు 20 శాతానికి తగ్గని ఫెరెట్ తిండిగానీ, నాణ్యమైన పిల్లికూనల తిండిగానీ గిన్నెలో రోజంతా ఉండాలి, ఎందుకంటే ఎక్కువసేపు పస్తుంటే దాని ఒంట్లో చక్కెర పడిపోతుంది. చిన్నప్పుడు ఏ తిండికి అలవాటు పడితే పెద్దయ్యాక దాన్నే గుర్తిస్తుంది కనుక, కొనేటప్పుడు అప్పటిదాకా ఏం పెట్టారో తప్పకుండా అడిగి తెలుసుకోవాలి, మార్చాలంటే కొత్తదాన్ని పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. చేప నూనె దానికి మహా ఇష్టం. గోళ్లు కత్తిరించేటప్పుడు వెల్లకిలా ఒళ్లో పడుకోబెట్టి, పొట్ట మీద రెండు చుక్కలు రాస్తే, అది నాకుతున్నంతసేపట్లో నాలుగు పాదాలూ అయిపోతాయి.

వాసన గురించి అడగనివారు లేరు. అమెరికా దుకాణాల్లో అమ్మే పిల్లలకు గర్భనిరోధక శస్త్రచికిత్సతో పాటు తోక కింది గ్రంథులను కూడా ముందే తీసివేస్తారు, చెవిలో చుక్కల పచ్చబొట్టు ఉంటే ఆ పని జరిగినట్టే గుర్తు. అయినా చర్మపు నూనె నుంచి వచ్చే కస్తూరి లాంటి ఘాటు కొంత మిగులుతుంది. స్నానాలు పెంచితే చర్మం ఎండిపోయి ఇంకా ఎక్కువ నూనె ఊరుతుంది, వాసన పెరుగుతుంది. అందువల్ల నెలకొకసారి మించి స్నానం చేయించకుండా, ఉయ్యాలలనూ గుడ్డలనూ వారానికి రెండుసార్లు ఉతకడం, లిట్టర్ రోజూ తీయడం సరైన మార్గం. ఈ బోనులో గుడ్డలన్నీ క్లిప్పులతో వేలాడతాయి కనుక ఉతుకు తేలికగా సాగుతుంది. ధూపమూ అగరుబత్తీ మాత్రం ఆ గదిలో వద్దు, వాటి పొగను వీటి ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

ఆరోగ్యం ఖర్చు బోను ఖర్చును ఎన్నో రెట్లు మించిపోతుంది, ఈ సంగతిని దుకాణంలో ఎవరూ చెప్పరు. ఆయుష్షు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిదేళ్లు. మూడేళ్లు దాటాక రెండు జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి. మూత్రపిండాల దగ్గర ఉండి హార్మోన్లను తయారుచేసే అడ్రినల్ గ్రంథి జబ్బులో తోక దగ్గర మొదలై వెంట్రుకలు రాలిపోతాయి, మగవాటికి మూత్రం బిగదీస్తుంది. మరీ చిన్న వయసులో చేసే గర్భనిరోధక శస్త్రచికిత్సకూ దీనికీ సంబంధం ఉందని వైద్యులు చెబుతారు. చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ ఇంప్లాంట్‌ను (హార్మోన్లను అణిచే మందు గుళికను) ఈ జబ్బుకు వాడడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో వీలు కల్పించింది. రెండోది ఇన్సులినోమా, అంటే క్లోమంలో గడ్డ. చక్కెర పడిపోయి వెనుక కాళ్లు తూలుతాయి, చొంగ కారుస్తూ ముందు కాళ్లతో మూతిని గీరుకుంటుంది. అప్పుడు చిగుళ్లకు కాస్త తేనె రాసి వెంటనే వైద్యుడి దగ్గరకు పరుగెత్తాలి. టీకాలు రెండు: రేబిస్, డిస్టెంపర్ (కుక్కలకు కూడా వచ్చే వైరస్ జబ్బు). డిస్టెంపర్ సోకితే ఫెరెట్ బతకడం దాదాపు అసాధ్యం. టీకా వేసిన తర్వాత అరగంటైనా ఆస్పత్రిలోనే కూర్చోవాలి, కొన్నిటికి అలర్జీ వచ్చి కుప్పకూలిపోతాయి. మన ఫ్లూ దానికి అంటుతుంది. 1933లో లండన్‌లోని పరిశోధకులు మనుషుల ఫ్లూ వైరస్‌ను మొదటిసారి వేరుచేయగలిగింది ఫెరెట్ల సాయంతోనే. ఇంట్లో ఎవరికైనా ఫ్లూ ఉంటే వాళ్లు బోను జోలికి పోకూడదు. కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ప్రతి వైద్యుడూ ఫెరెట్‌ను చూడడు. అందుకే చూసే వైద్యుడు మీ ఊళ్లో ఉన్నారో లేరో, రాత్రివేళ అత్యవసరమైతే ఎక్కడికి వెళ్లాలో కనుక్కున్నాకే మిగతా మాటలు.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసింది చట్టం సంగతి. టెక్సస్‌లో ఫెరెట్‌ను పెంచుకోవచ్చు. కాలిఫోర్నియాలో, హవాయిలో పెంచుకోకూడదు. న్యూయార్క్ రాష్ట్రంలో కుదిరినా న్యూయార్క్ నగరంలో నిషేధం ఉంది, 2015లో నగర ఆరోగ్య మండలి ఆ నిషేధాన్ని ఎత్తివేయడానికి ఒప్పుకోలేదు. ప్రాజెక్టు మారి డాలస్ నుంచి కాలిఫోర్నియాలోని శాన్ హోసేకో ఫ్రీమాంట్‌కో వెళ్లవలసి వస్తే, ఎనిమిదేళ్లు మన చేతుల్లో పెరగాల్సిన ప్రాణిని ఎవరికో ఇచ్చి వెళ్లవలసి ఉంటుంది. ఉద్యోగం ఎక్కడికి తీసుకెళ్తుందో తెలియని దశలో ఉన్నవారు దీన్ని తెచ్చుకోకూడదని నా గట్టి అభిప్రాయం. అపార్ట్‌మెంట్ ఒప్పందంలో కుక్కలూ పిల్లులూ అని మాత్రమే రాసి ఉంటే ఫెరెట్‌కు విడిగా లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి. నెలరోజుల కోసం ఇండియా వెళ్లేటప్పుడు అప్పగించే చోటు కూడా ముందే చూసుకోవాలి, చాలా బోర్డింగ్ కేంద్రాలు ఫెరెట్లను తీసుకోవు. వేడి సంగతి అంతకంటే ముఖ్యం. 27 డిగ్రీల సెల్సియస్ దాటితే వీటికి వడదెబ్బ ముప్పు మొదలవుతుంది. మా దగ్గర జూలైలో ఏసీ పాడైతే బోను పక్కన నీళ్లు గడ్డకట్టించిన సీసాలను గుడ్డలో చుట్టి పెట్టి, ఆ రోజే బాగుచేయించాలి. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో, కరెంటు పోయే ఇళ్లలో దీన్ని పెంచాలన్న ఆలోచన వద్దు.

ఇంత తెలిసీ సిద్ధపడేవారికి ఈ బోను మంచి ఎంపికే. రెండు మూడు ఫెరెట్లకు చోటు చాలుతుంది, ఊచల రంగు పెచ్చులూడలేదు, చక్రాలు ఇప్పటికీ తిన్నగా తిరుగుతున్నాయి. పళ్లేల లోతు తక్కువ, మెట్లవాలు నిటారు, ఈ రెండే లోపాలు. పళ్లేలకు లోతైన లోహపు రకం విడిగా దొరుకుతుంది, బడ్జెట్‌లో దానికీ కొంత పక్కన పెట్టుకోవాలి. వాడినది కొనదలిస్తే మూలల్లో తుప్పు ఉందేమో, నాలుగు గడియలూ బిగుతుగా తిరుగుతున్నాయో లేదో చూసి, పలుచని బ్లీచ్ నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి లోపలికి తెచ్చుకోవాలి. పిల్లను దుకాణంలో కొనేకంటే ఫెరెట్ల సంరక్షణ కేంద్రం నుంచి పెరిగినదాన్ని, కుదిరితే కలిసి పెరిగిన జంటను తెచ్చుకోవడం మేలు. దాని స్వభావం, తిండి, టీకాల వివరాలు అక్కడివారే చెబుతారు, చాలాసార్లు దాని పాత బోనును కూడా వెంట ఇస్తారు.