నాలుగు సీసాల మామిడి

సిగరెట్టు మానేసి వేపింగ్‌కు, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్టుకు మారి ఆరేళ్లయింది. అందులో అయిదేళ్లుగా ద్రవాన్ని ఇంట్లోనే కలుపుకుంటున్నాను. ఉండేది బర్మింగ్‌హామ్‌లో కాబట్టి ఇది కుదిరింది. భారతదేశంలో ఈ-సిగరెట్ల అమ్మకం, దిగుమతి 2019 నుంచి నిషేధం కనుక ఊరికి వెళ్లేటప్పుడు ఈ సరంజామా అంతా ఇక్కడే వదిలి వెళ్తాను.

ఆ ద్రవంలో కలిపే రుచి సారాలను మొదట్లో సీసా మీది పేరు చూసి కొనేవాణ్ణి. మామిడి ఎవరు చేసినా మామిడే కదా అనుకున్నాను. ఇటలీ కంపెనీ ఫ్లేవర్‌ఆర్ట్, పోలండ్ కంపెనీ ఇనావెరా సరుకు చాలా గాఢం. మొత్తం ద్రవంలో 1 నుంచి 3 శాతం చాలు. అమెరికా కంపెనీలైన క్యాపెల్లా, టీఎఫ్‌ఏ (ది ఫ్లేవర్ అప్రెంటిస్) సరుకైతే 4 నుంచి 8 శాతం దాకా పోస్తాను. ఇది తెలియక అమెరికా కొలతలోనే ఇనావెరా పోశాను. సబ్బునీళ్లు పుక్కిలించినట్టయింది. తప్పు సీసాది కాదు, నాది.

బంగినపల్లి తిని పెరిగిన నాలుకకు వీటిలో ఏదీ పూర్తిగా ఆనదు. క్యాపెల్లా స్వీట్ మ్యాంగోలో డబ్బా రసం తీపి ఉంది, పండు లేదు. టీఎఫ్‌ఏ ఫిలిప్పీన్ మ్యాంగోలో మాత్రం తొడిమ తుంచినప్పుడు వచ్చే సొన వాసన లీలగా తగిలింది. ఒంటరిగా అది భరించలేనిది. మొదటిది 4 శాతం, రెండోది 1 శాతం కలిపాక మొదటిసారి తోట గుర్తొచ్చింది. మిగిలిన రెండు కంపెనీల మామిడీ నాకు అత్తరులాగే అనిపించింది.

కలిపాక పండ్ల రుచులు ఆవకాయలా మూడో రోజుకు తేలతాయి. వెనిల్లా కస్టర్డ్‌కు నెల పడుతుంది. వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్ వల్ల ద్రవం గోధుమ రంగుకు తిరుగుతుంది, అది పాడైపోవడం కాదు. వారం తిరగకుండానే బాగాలేదని నేను ఒక సీసా మొత్తం పారబోశాను. ఇప్పటికీ ఉసూరుమంటుంది.

వెన్న రుచుల విషయంలో నేను కఠినం. ఆ కమ్మదనాన్నిచ్చే డయాసిటైల్ ఆవిరి పీల్చే అమెరికా పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. అది లేదని రాసి, పరీక్ష ఫలితాలు చూపిస్తేనే కొంటాను. వంటకు వాడే నూనె ఎసెన్సుల జోలికి అసలే పోకూడదు. నూనె ఊపిరితిత్తుల్లోకి చేరితే న్యుమోనియా రావచ్చు. నిమ్మ, దాల్చినచెక్క రుచులు ఈ-సిగరెట్టులో ద్రవం పోసే కొన్ని ప్లాస్టిక్ ట్యాంకులను పగులగొడతాయి. నాది ఒకటి అలాగే పోయింది, అప్పటి నుంచి గాజుదే.

కొలతకు వాడే సిరంజిలు వదిలేసి, గ్రాములో నూరో వంతు చూపే చిన్న కాటా కొన్నాక పని తేలికైంది. అలమరలో ముప్పైకి పైగా సీసాలున్నాయి. చేయి వెళ్లేది ఏడింటి మీదికే. మిగతావి డబ్బు పెట్టి కొన్నానన్న మమకారంతో ఉంచుకున్నవి.