కుండీలో పువ్వుకు ఫోన్ చాలు, పిల్లికూనకో?

మొక్కలు పెంచుతూ, కుక్కనో పిల్లినో సాకుతూ ఉండేవాళ్లు కెమెరా కొందామనుకోగానే మెగాపిక్సెల్స్ లెక్క మొదలుపెడతారు. ఈ పనికి ఆ లెక్కతో ఒరిగేది తక్కువ. మొక్క కదలదు, పిల్లి ఆగదు. చూడాల్సిన తేడా అదే. మీ చేతికి చిక్కకుండా పోతున్న ఫొటో ఏదో తేల్చుకుంటే ఏ కెమెరా కావాలో సగం తేలినట్టే.

ముందు మొక్కలు. ఇక్కడ ఫోన్‌ని తీసిపారేయడానికి లేదు. గులాబీ మొగ్గ కింద పేనుబంక బారులు తీరిందనుకోండి. ఫోన్ సెన్సర్ (వెలుతురుని పట్టి బొమ్మగా మార్చే చిప్) చిన్నది కాబట్టి దగ్గరగా పెట్టి తీసినా ముందున్న పురుగు, వెనకున్న పురుగు, కాడ మీది ముల్లు కూడా చాలావరకు స్పష్టంగానే వస్తాయి. పెద్ద సెన్సరున్న కెమెరాకి మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గరగా, పెద్దగా చూపించేది) తగిలించి అంతే దగ్గరగా తీస్తే ఒక పురుగు కళ్లు కనిపిస్తాయి, మిగతా బారంతా మసకే. తెగులు ఏమిటో ఎవరికైనా చూపించి మందు అడగాలంటే ఫోన్ ఫొటోయే మేలు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో 2 సెంటీమీటర్ల దూరం నుంచే ఫోకస్ చేస్తుంది. అలా అల్ట్రావైడ్ కెమెరాకి (ఎక్కువ వెడల్పు పట్టేదానికి) ఆటోఫోకస్ ఉన్న ఫోన్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. కొన్ని చవక ఫోన్లలో విడిగా పెట్టే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా మాత్రం పెట్టె మీద అంకె పెంచడానికే అనిపిస్తుంది నాకు.

ఫోన్‌కి వంకలు లేవని కాదు. 2 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్తే ఫోన్ నీడే పువ్వు మీద పడుతుంది. సీతాకోకచిలుక అంతసేపు ఆగదు. ఎర్ర మందారం ఎండలో తీస్తే రేకుల ఈనెలన్నీ కలిసిపోయి ఎర్ర ముద్దలా కనిపిస్తుంది. పువ్వు మీద వేలితో తాకి వెలుతురు కాస్త కిందికి దించితే ఈనెలు మళ్లీ బయటపడతాయి, ఈ మూడో వంకకు ఖర్చు లేని మందు అది. మొదటి రెండింటికీ అసలైన విరుగుడు మాక్రో లెన్సే. 100 ఎంఎం తరహా మాక్రో లెన్స్‌తో పురుగుని సెన్సర్ మీద దాని అసలు సైజులో పట్టాలన్నా లెన్స్ కొనకీ పురుగుకీ మధ్య సుమారు 13, 14 సెంటీమీటర్లు మిగులుతుంది. వెలుతురు పడుతుంది, పురుగు బెదరదు.

ఇక ఇంట్లో జంతువుల సంగతి. ఫోన్ పప్పులు ఉడకనిది ఇక్కడే. గదిలో వెలుతురు తగ్గగానే ఫోన్ షటర్‌ని నెమ్మది చేస్తుంది, పైగా వరసగా నాలుగైదు ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది. ఈలోపు కుక్క తల విదిలిస్తుంది. ముఖం ఒకచోట, చెవి రెండుచోట్ల! ఆడుకుంటున్న కుక్కని నిలిపి పట్టాలంటే షటర్ సెకనులో 250వ వంతైనా ఉండాలి, పరిగెడుతుంటే 500వ వంతో అంతకన్నా వేగమో కావాలి. ఆ వేగానికి వెలుతురు కావాలి, వెలుతురు కావాలంటే పెద్ద సెన్సర్, నోరు పెద్దగా తెరుచుకునే లెన్స్ ఉండాలి.

అందుకే ఈ పనికి మిర్రర్‌లెస్ కెమెరా, అంటే లోపల అద్దం లేకుండా, లెన్స్ మార్చుకునే వీలున్నది. అయితే దాంతోపాటు వచ్చే కిట్ లెన్స్‌తో సరిపెట్టుకుంటే డబ్బు పెట్టీ లాభం లేదు. జూమ్ చివర్లో అది సాధారణంగా ఎఫ్5.6 దగ్గర ఆగిపోతుంది (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ నోరు అంత పెద్దది). 35 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ దానికన్నా దాదాపు 10 రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. బాడీ (లెన్స్ కాకుండా మిగతా కెమెరా) కాస్త పాతదైనా పర్లేదు, లెన్స్ మంచిది కావాలి. జంతువుల కంటిని వెతికి పట్టుకునే ఆటోఫోకస్ ఉందో లేదో కూడా చూసుకోండి. సోనీ ఏ6400కి 2019లో అప్‌డేట్‌తో వచ్చిన ఈ సౌకర్యం తర్వాత వేరే కంపెనీల కెమెరాల్లోకీ వచ్చింది. ఇది లేకపోతే కెమెరా తనకి దగ్గరగా ఉన్న ముక్కుని పట్టుకుంటుంది, కళ్లు మసకబారతాయి. పొడుగు మూతి కుక్కలతో ఈ టెన్షన్ మరీ ఎక్కువ. వెలుతురు బాగా ఉన్నప్పుడు లెన్స్ నోరు కాస్త మూసి ఎఫ్4కి మార్చుకుంటే ముక్కూ కళ్లూ రెండూ స్పష్టంగా దక్కే అవకాశం పెరుగుతుంది. మిర్రర్‌లెస్‌తో ఇంకో సుఖం, చాలావాటిలో షటర్ చప్పుడు పూర్తిగా ఆపేయొచ్చు. నిద్రపోతున్న పిల్లికి మీరు వచ్చినట్టే తెలియదు.

ఫ్లాష్ మాత్రం వద్దు. కుక్కల, పిల్లుల కళ్లలో రెటీనా వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది, నేరుగా ఫ్లాష్ కొడితే ఆకుపచ్చగానో పసుపుగానో మెరిసి కళ్లు దెయ్యం కళ్లలా వస్తాయి. కిటికీ పక్కకి పిలవడం మేలు.

83 రెట్ల జూమ్ ఉన్న నికాన్ పీ950 లాంటి బ్రిడ్జ్ కెమెరాలు (లెన్స్ మార్చలేని, పెద్ద జూమ్ ఉన్నవి) చూడగానే ఆశ పుట్టిస్తాయి. చెట్టు చివరన వాలిన పిట్టని తీయడానికి, ఎండలో, భేషుగ్గా ఉంటాయి. గదిలో పిల్లికూన దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. వాటి సెన్సర్ చాలా మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్‌లో 13వ వంతు ఉంటుందంతే. అన్నిటికీ ఒకటే కొందామనే మోజులో చూపు పడేది దీని మీదే, ఈ ఇంటికి అంతగా అక్కరకు రానిదీ ఇదే.

మొక్కల వాళ్లకి నేను ధైర్యంగా చెప్పే బుల్లి కెమెరా ఒకటుంది. ఓఎం సిస్టమ్ టీజీ-7. 2023లో వచ్చింది. బురద చేతులతో పట్టుకోవచ్చు, పైపు నీళ్లు పడ్డా కడిగేసుకోవచ్చు. లెన్స్‌కి 1 సెంటీమీటర్ దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది, వేర్వేరు ఫోకస్‌లతో తీసిన ఫ్రేముల్ని తనే కలిపి పురుగు మొత్తాన్ని స్పష్టంగా ఇస్తుంది. గదిలో జంతువులకైతే ఫోన్‌కన్నా మెరుగేం కాదు.

పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఇంట్లో ఉంటే వాడుకోండి, కొత్తగా దానికోసం వెతకనక్కర్లేదు.

మొత్తానికి మొక్కలే ఎక్కువైతే ఫోన్‌తోనే కొనసాగండి, నీడ ఇబ్బంది పెడితే పువ్వు పక్కన తెల్ల కాగితం ఒకటి అడ్డుపెట్టి వెలుతురు తిప్పండి. పిల్లీ కుక్కా ముఖ్యమైతే పాత మిర్రర్‌లెస్, ఒక ఎఫ్1.8 లెన్స్. మూడోది, మాక్రో లెన్స్, మొదటి రెండూ వాడి అలవాటయ్యాక చూసుకోవచ్చు. అన్నట్టు బొచ్చు రాలే జంతువులున్న ఇంట్లో లెన్స్ మార్చేటప్పుడు బాడీ నోరు కిందికి తిప్పి పట్టుకోండి. సెన్సర్ మీద చేరిన వెంట్రుక ప్రతి ఫొటోలోనూ కనిపిస్తుంది.